ఊరిని విడిచిన ఊరివారు



మా ఈపూరులో సందెవేళ రచ్చబండకడ నలుగురు చేరినచో రెండు ప్రసంగములే నడుచును. మొదటిది వాన, రెండవది దారి. వానను గూర్చి మాటాడునపుడు పెద్దలు ఆకాశమువంక చూతురు. దారిని గూర్చి మాటాడునపుడు ఎవరివంక చూడవలెనో తెలియక ఒకరి మొగమొకరు చూచుకొందురు. బస్సు వేళకు రాదనియు, వచ్చినను నిలువదనియు, కాగితమొకటి కావలెనన్న దినమంతయు గడచుననియు, ఓటు అడుగవచ్చిననాడు కనబడిన మొగము మరల కనబడదనియు చెప్పుకొందురు. ఇవి మీ ఊళ్లలో వినబడని మాటలు కావు.

కొలది దినముల క్రిందట మా రచ్చకడ ఒక వివాదము పుట్టినది. పట్టణమున చదివివచ్చిన కుఱ్ఱవాడొకడు, "మన ఊరిని కూడ పట్టణము చేసినచో ఈ బాధలన్నియు తీరిపోవును. మన పలనాటిలోనే 2020లో గురజాల, దాచేపల్లి నగర పంచాయతులు కాలేదా?" అనెను. దానికొక వృద్ధుడు, "కానిమ్ము. అయితే దీపము ముందు వచ్చునో, పన్ను ముందు వచ్చునో, అది చెప్పుము" అని అడిగెను. అందరును నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయనగా ఆ ప్రశ్ననే నూరేండ్ల క్రిందట మన పాత గుంటూరు జిల్లాలో ఒక జంట ఊరివారు అడిగిరి. తగిన జవాబు రాకపోవుటచే ఊరినే విడిచిపోయిరి. ఆ చీరాల పేరాలల వృత్తాంతమునే నేడు మనవి చేసెదను.

చీరాల మాకు దూరపుటూరు. రైలు మా ఊరికి రాదు. శావల్యాపురము పోయి ఎక్కవలెను. అచ్చటినుండి నరసరావుపేట, గుంటూరు, తెనాలి, బాపట్లల మీదుగా పోయిన సముద్రపు గాలి తగులు నేల వచ్చును. నల్లరేగడిలో పుట్టిన నాబోటివానికి ఆ యిసుకనేల వింతగానే తోచును. అచ్చట చీరాల, పేరాల అను రెండూళ్లు ఒకదానినొకటి ఆనుకొని యున్నవి. నేతపనికి అవి పేరుపొందినవి. చీరలనుండియే చీరాల అను పేరు వచ్చెనని కొందరందురు; కాదందురు మరికొందరు; ఆ తగవు మన కథకక్కరలేదు. 1899లో మద్రాసు బెజవాడల నడుమ రైలుమార్గము ఆ తీరము వెంట పూర్తియైనది. రైలు నిలుచు ఊరికి బేరగాండ్రు వత్తురు. బేరగాండ్ర వెంట అధికారుల చూపును వచ్చును.

ఆ రెండూళ్లను, వాటి చెంతనున్న జాండ్రపేట, వీరరాఘవపేటలను కలిపి దొరతనమువారు చీరాల యూనియను అని యేర్పరచిరి. యూనియను అన్న మాట నేటి పిల్లలకు తెలియదు. అది నేటి పంచాయతికి ముత్తాతవంటిది. 1884 నాటి మద్రాసు స్థానిక సంఘముల చట్టము క్రింద ఇంటిపన్ను వసూలుచేసి, వీధులూడ్పించుట, దీపములు పెట్టించుట, బావులను బాగుచేయించుట దాని పని. ఈ యూనియనునుండి యేటేట వచ్చు పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వము ఈ యూనియను చాలదనియు, పురపాలక సంఘము కావలసినదే ననియు నిశ్చయించెను. దానితో పన్ను సుమారు 40,000 రూపాయలగునని లెక్క తేలినది.

పది రెట్లు అన్న మాటను తేలికగా దాటిపోవలదు. జనసంఖ్య 15,000 ప్రాంతము. పాత లెక్కన సగటున తలకు నాలుగణాల పైచిలుకు. కొత్త లెక్కన రెండు రూపాయల పదణాలకు పైమాట. ఐదుగురున్న ఇంటికి ఏటికి రూపాయిన్నర లోపుగా నున్న భారము పదమూడు రూపాయలకు మించును. పన్ను ఇంటినిబట్టియే గాని తలనుబట్టి వేయరు గనుక ఈ సగటు అందరికిని ఒకతీరుగ అన్వయింపదు. అయినను బరువెంతయో తూచుటకు ఈ త్రాసు చాలును. మగ్గముపై దినమంతయు కూర్చుండి కూలిడబ్బులు లెక్కించుకొను నేతగాని కన్నులతో ఆ పదమూడు రూపాయలను చూడవలెను.

దొరతనమువారికి చెప్పుకొన న్యాయము లేకపోలేదు. ఊరు పెరిగినది, పెరిగిన ఊరికి మురుగుకాలువలు, వైద్యము, వీధుల శుభ్రత కావలెను, అవి ఊరక రావు. ఈ వాదమును నేను త్రోసిపుచ్చజాలను. కలరా అను మాట వినగానే ఊళ్లు గడగడలాడిన కాలమది. కాని ఊరివారనినది వేరు. మాకీ సౌకర్యములు వలదని వారనలేదు. మాకు చాలునంత యూనియనే చేయుచున్నది. అంతకు మించి మాకు శక్తి లేదు. శక్తి గలిగిననాడు మేమే అడుగుదుము అనిరి. అర్జీలు వ్రాసిరి. సభలు చేసిరి. అర్జీలు పోయిన దారినే పోయినవి.

ఇచ్చట ఒక చిక్కు కలదు. దానిని మన చరిత్రకారులు తరచుగా తొందరలో దాటివేయుదురు. చీరాలవారి తగవు కేవలము తెల్లదొరతో వచ్చినది కాదు. 1919 నాటి సంస్కరణల చట్టముచే రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వము వచ్చినది. పోలీసు, రెవెన్యూ శాఖలు గవర్నరు చేతిలో నుండ, స్థానిక స్వపరిపాలనశాఖ మంత్రుల చేతికి వచ్చినది. 1920 ఎన్నికల పిమ్మట మద్రాసులో జస్టిస్ పక్షము అధికారమునకు వచ్చెను. ఆ శాఖను చేపట్టిన మంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు. ఆయన తెలుగువాడు, చదువరి. ప్రజలకు స్వపరిపాలన హెచ్చవలెనని పలికిన పక్షమువాడు. అట్టివాని శాఖనుండియే, స్వపరిపాలన యను పేరనే, అడుగని వారిపై పురపాలక సంఘము నిలిచినది! "మనవాడే గదా, మన మాట వినడా?" అని ఊరివారు మొదట ఆశపడియుందురు. మనవాడు విననపుడు కలుగు నొప్పి పరాయివాడు విననప్పటి నొప్పికంటె హెచ్చుగా నుండునని మీకు నేను చెప్పనక్కరలేదు. కాంగ్రెసువారు శాసనసభలను బహిష్కరించిరి. కావున సభలో చీరాల పక్షమున గట్టిగా నిలుచువారును కరవైరి. పంతమునకు పంతము పెరిగినది. ఊరి కష్టము పక్షముల పోరులో పడిన పిదప అది ఊరి చేతిలో నుండదు.

ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. ప్రభుత్వము జీతమిచ్చి అధ్యక్షుని నియమించి సంఘమును నడిపించెను. సభ్యులు లేని సంఘము, జీతగాడైన అధ్యక్షుడు, పేరు మాత్రము స్వపరిపాలన. ఊరివారు పన్ను కట్టమనిరి. కట్టనివారిని కొందరిని జైలుకు పంపిరి. అందొక స్త్రీ కూడ ఉండెను.

ఈ పోరునకు నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందివచ్చినవాడు. ఆనంద కుమారస్వామిగారితో కలిసి అభినయదర్పణమును ఆంగ్లమునకు తెచ్చినవాడు. ఆ గ్రంథము 1917లో అమెరికాలో అచ్చయ్యెను. నాట్యశాస్త్రమునకును ఇంటిపన్నునకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. సంబంధము మనిషియే. ఆయన మాట చమత్కారము, పాట, పద్యము కలిసిన మాట. నేతగాండ్రకు, బేరగాండ్రకు, బీదసాదలకు అర్థమగునట్లు మాటాడ నేర్చిన పండితుడు. రామదండు అను సేవాదళమును కూర్చెను. 1921 మార్చి చివరను, ఏప్రిల్ మొదటను బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు వేలకొలది జనమును అదుపున నుంచినవారు ఈ రామదండువారే.

ఆ సమావేశము ముగిసిన వెనుక 1921 ఏప్రిల్ 6న గాంధీగారు చీరాలకు వచ్చిరి. ఊరివారు తమ గోడు చెప్పుకొనిరి. ఆయన రెండు మార్గములు చూపెను. పన్ను నిరాకరించి, వచ్చిన శిక్షను శాంతముగా అనుభవించుట ఒకటి. పురపాలక సంఘపు ఎల్ల దాటి ఊరు విడిచిపోవుట రెండవది. ఏది చేసినను మీ బలముపైననే చేయవలెను, కాంగ్రెసు ధనసహాయమును ఆశింపవలదు అనియు స్పష్టముగా చెప్పెను. ఇది కఠినమైన మాటగా తోచును. కాని మాట యిచ్చి తప్పుటకంటె ముందే లేదని చెప్పుట మేలు గదా!

ఊరివారు రెండవ మార్గమును పట్టిరి.

వారు పోయినది దూరదేశము కాదు. ఎల్లరాయికి ఆవలనే. అచ్చట తాటాకు గుడిసెలు, పందిళ్లు వేసికొని దానికి రామనగరమని పేరు పెట్టుకొనిరి. 15,000 మందిలో సుమారు 13,000 మంది అట్లు తరలిరని చెప్పుదురు. ఎండలు మండు వేసవిలో, వెనుకకు తిరిగి చూచిన తమ మిద్దెలు, తమ పెంకుటిండ్లు కనబడుచునే యుండగా, వారు ఇసుకలో కాపురము పెట్టిరి. ఎల్లకు ఈవల పన్ను, ఆవల లేదు. చట్టము ఒక గీత గీచెను. జనము ఆ గీతను దాటి నిలిచిరి. ఇంత సూటియైన జవాబు మన దేశ చరిత్రలో అరుదు.

రామనగరములో కులకులమునకు ప్రతినిధులతో ఒక సభ యేర్పడినది. తగవులు పంచాయతిలో తీర్చుకొనిరి. రాత్రులు రామదండు కాపలా తిరిగినది. తమకు తాము పాలించుకొనజాలరని యెవరిని గూర్చి తలచిరో, వారు గుడిసెలలో తమ్ము తాము పాలించుకొనిరి. గాంధీగారు తమ పత్రికలో వీరిని గూర్చి మెచ్చి వ్రాసిరి. దేశమంతయు చీరాల పేరు వినినది.

ఇంతవరకు కథ ఇంపుగానే యున్నది. ఇకమీదిది చెప్పువారు తక్కువ.

నేతగాని మగ్గము గుంటమగ్గము. నేలలో గుంట త్రవ్వి, అందు కాళ్లుంచుకొని నేయవలెను. పడుగును చాపుటకు చోటు కావలెను; నూలు తడియరాదు. వాన కురిసి తాటాకు కప్పు కారినచో గుంటలో నీరు చేరును, మగ్గము నిలుచును, ఇంట పొయ్యి నిలుచును. ధనవంతుడు రామనగరములో నున్నను వాని వడ్డీ వానికి వచ్చుచునే యుండును. నేతగానికి నేసిననాడే కూడు. ఒకే గీత దాటిరి గాని, అందరును ఒకే బరువు మోయలేదు. ఈ సంగతిని మరచి, చీరాల ప్రజల త్యాగము అని ఒక్క మాటలో చెప్పుట నాకు సమ్మతము కాదు.

ధనము తక్కువైనది. గోపాలకృష్ణయ్యగారు చందాలకై బయలుదేరిరి. ఆ యేటనే బరంపురములో, మాటాడరాదన్న ఉత్తరువును ధిక్కరించి ప్రసంగించినందున ఆయనకు ఒక సంవత్సరము శిక్ష పడినది; తిరుచినాపల్లి జైలునకు పంపిరి. రామనగరము తల లేని మొండెమైనది. రెండవ నాయకుడు లేకపోయెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన వెనుక గాంధీగారు బార్డోలీలో సహాయనిరాకరణను నిలిపివేసిరి. సుమారు 11 నెలలు ఇసుకలో గడపిన జనము ఒక్కొక్క కుటుంబముగా తమ పాత ఇండ్లకు మరలిరి. పురపాలక సంఘము అచ్చటనే యున్నది. తలుపులు తీసి, బూజు దులిపి, పన్ను కాగితము అందుకొనిరి.

ఆ నెలలోనే మన పలనాటిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతు అడవి మేపు పుల్లరికి ఎదురునిలిచి పోలీసు కాల్పులలో మరణించెను. ఆ చలికాలముననే పెదనందిపాడు ప్రాంతమున భూమిశిస్తు నిరాకరణము నడిచి ఆగినది. ఒకే జిల్లాలో ఒకే ఏడాది లోపల ఇంటిపన్ను, పుల్లరి, శిస్తు మూడింటిపైనను జనము తిరుగబడిరి. హనుమంతు కథ మా ఊరి పిల్లవానికి తెలియును. పలనాటివాడు గనుకను, ప్రాణమిచ్చెను గనుకను. చీరాల కథ తెలియదు. అందు చచ్చినవాడు లేడు, గెలిచినవాడును లేడు. అట్టి కథకు బుఱ్ఱకథ కట్టువారుండరు.

చీరాలవారు పిసినారులై పన్ను తప్పించుకొన జూచిరని ఆక్షేపించువారిని నేను వినియున్నాను. లెక్క చూడుడు. ఏటికి పదమూడు రూపాయలు మిగుల్చుకొనుటకు ఇల్లు విడిచి, మగ్గము పీకి, వెదుళ్లు తాటాకులు కొని, పదునొకండు నెలల బేరము పోగొట్టుకొనువాడు పిసినారియా? అట్టి లెక్క ఏ కోమటియు వేయడు. వారికి ఖర్చు బాధ కలదు, అది నిజము. కాని దానికి పైగా, ఇది మా ఊరు, మమ్ము అడుగక దీని పేరు మార్చి, హద్దు మార్చి, బిల్లు మాకు పంపుట యేమి అన్న రోషము కలదు. ఆ రోషమును కొలుచు త్రాసు నావద్ద లేదు.

వారియందు లోపమును కలదు. ఒక్క మనిషిపై అంత బరువు వేయరాదు. దుగ్గిరాలవారు చెఱనుండి వచ్చి, మరికొన్ని యేండ్లు పాటుపడి, పేదరికములోనే 1928 జూన్ 10న చనిపోయిరి. అప్పటికాయనకు నలుబది యేండ్లు నిండలేదు.

నాటికిని నేటికిని చట్టములో గొప్ప భేదము వచ్చినది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముచే గ్రామసభకు రాజ్యాంగములోనే చోటు కలిగెను. చీరాలవారికి లేని ఆ ఆయుధము ఒక్కసారి మన కన్నుల యెదుటనే ప్రయోగింపబడినది. రాజధాని అమరావతి కొరకు 2015 నుండి 29 గ్రామముల రైతులు సుమారు 34,000 ఎకరముల భూమిని సమీకరణమున నిచ్చిరి గదా! 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చిన పిదప వారి ఆందోళన మీరెరుగనిది కాదు. 2022 జనవరిలో ఆ గ్రామములలో 19 మాత్రమే కలిపి నగరపాలక సంస్థ చేయుటకు ప్రభుత్వము గ్రామసభలు జరిపించెను. మేము భూములిచ్చినది 29 గ్రామముల రాజధానికి గాని ఈ ముక్కకు కాదని సభలు త్రోసివేసినవి. అదే యేడు సెప్టెంబరులో 22 గ్రామములతో పురపాలక సంఘమన్న ప్రతిపాదనయు అట్లే త్రోసివేయబడినది. ఎవరును తాటాకు గుడిసె వేయలేదు. పందిరి క్రింద కూర్చుండి, చేతులెత్తి, కాదనిరి. ఆ మాట కాగితము కెక్కినది. ఆ రాజధాని వివాదములో ఎవరిది న్యాయమను మాట నేనిచ్చట ఎత్తను. అడుగబడిన జనమునకును అడుగబడని జనమునకును గల తేడాను చూపుటకే దీనిని చెప్పితిని.

మరల మా రచ్చబండకు వత్తును. ఆ కుఱ్ఱవానికిని ఆ వృద్ధునికిని నేనీ కథనంతయు చెప్పితిని. వృద్ధుడు విని, "అయితే వాండ్రు పన్ను కట్టిరా?" అని అడిగెను. కట్టిరంటిని. "కట్టక యేమి చేతురు" అని చుట్ట వెలిగించుకొనెను. కుఱ్ఱవాడు మాత్రము వేరొక ప్రశ్న వేసెను. "2022లో జిల్లాలు మార్చునపుడు ఆక్షేపణలు తెలుపుకొనుడని ముందుగా ప్రకటించిరి గదా! మీలో ఎవరైన వ్రాసితిరా?" అనెను.

మేము ఎనమండుగురము కూర్చుండియుంటిమి. నరసరావుపేట జిల్లాకు ముఖ్యపట్టణమైనందుకు సంతోషించినవారును, మా కాగితములు ఇక ఎచ్చటికి పోవునో యని గొణిగినవారును మాలో కలరు. వ్రాసినవాడు లేడు. "పోనీ, క్రిందటి గ్రామసభకు ఎందరు పోయితిరి?" అని మరల అడిగెను. ఇద్దరు చేయెత్తిరి. నేనెత్తలేదు. ఆ దినమున నాకు పట్టణములో పని యుండెను; బస్సు ఆలస్యమై, నేను వచ్చుసరికి సభ ముగిసినది. ఈ మాట చెప్పగా వాడు నవ్వెను. వాని తాత నవ్వలేదు. "ఈమారు ఎప్పుడో కనుగొని చెప్పుము, అందరమును పోవుదము" అని నాతో అనెను. మరునాడు పంచాయతి కచ్చేరికి పోయి ఆ తేదీ అడిగి వచ్చితిని. దానిని రచ్చబండ ప్రక్క గోడపై బొగ్గుతో వ్రాసియుంచితిని. వానకు చెరగకుండ చూచుకొనవలెను.